మల్టీ ప్రాసెస్ వెల్డింగ్ మెషీను: ఏ కేబుల్ ఎక్కడ, ఏ నాబ్ ఎంత

"మెషీను కొన్నాను. మిగ్, టిగ్, రాడ్ మూడూ చేస్తుందన్నారు. ముందు ఇన్ని బటన్లున్నాయి, దేన్ని ఎంతలో పెట్టాలి?" వరంగల్ ములుగు రోడ్డులో గేట్లు, గ్రిల్స్ చేసే షాపుల వాళ్లూ, నర్సంపేట, పరకాల వైపు ట్రాక్టరు పనిముట్లు బాగుచేసే వాళ్లూ పదే పదే అడిగే ప్రశ్న ఇది. మిగ్ అంటే చుట్ట నుంచి వైరు గన్ గుండా దానంతటదే వచ్చే వెల్డింగ్, టిగ్ అంటే టార్చ్‌లోని కరగని టంగ్‌స్టన్ కడ్డీతో చేసేది, రాడ్ అంటే మామూలు వెల్డింగ్ కడ్డీతో చేసేది. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీనుకు ఉన్నది ఒక్క ఆంపియర్ల చక్రం. దాని మీద చేయి తిరిగిన పనివాళ్లు కూడా కొత్త మెషీను ముందు తడబడడం సహజమే.

అంకెల సంగతి తర్వాత. ముందు కేబుళ్లు చూడండి. సెట్టింగు కుదరడం లేదని చెప్పే చాలా సందర్భాల్లో లోపం నాబ్‌లో ఉండదు. ప్లస్, మైనస్ తారుమారు కావడం, ఎర్త్ క్లాంపు తుప్పు మీద పట్టడం, వోల్టేజి చాలకపోవడం, గన్ కొసన వైరు బయటికి వచ్చే టిప్ అరగడం: ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది. అందుకే ఈ వరుసలో నాబ్‌లు చివరికి వస్తాయి. వరుస మార్చకుండా చేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మెషీనుతో వచ్చిన పుస్తకం. అది పోతే వెనుక ఉన్న రేటింగ్ ప్లేటును ఫోనులో ఫోటో తీసుకోండి.
- మల్టీమీటరు, కొలత టేపు.
- పరీక్షకు తుక్కు ముక్కలు: 16 గేజి చదరపు పైపు, 3 మి.మీ. ఫ్లాటు, 6 మి.మీ. ఫ్లాటు. అసలు పని మీద సెట్టింగు వెతకవద్దు.
- గ్రైండరు, వైరు బ్రష్, చిప్పింగ్ సుత్తి, బెంచీ వైసు, పెద్ద సుత్తి.
- మీరు వాడే వైరు సైజుకు సరిపోయే టిప్‌లు, కనీసం అయిదారు.
- 10 నుంచి 12 షేడ్ ఉన్న హెల్మెట్, తోలు గ్లౌజులు, నిండు చేతుల నూలు చొక్కా. పాలిస్టర్ చొక్కా వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.
- ఒక నోటుపుస్తకం, మార్కరు.

పని చేసే చోటు గురించి ఒక మాట. పత్తి సీజనులో జిన్నింగ్ మిల్లులోనో, పత్తి ఎక్కించిన ట్రాలీ దగ్గరో మరమ్మతుకు పిలిస్తే, పత్తిని పూర్తిగా తీసేసి, నేల తడిపి, నీళ్ల బకెట్లు పక్కన పెట్టుకున్నాకే ఆర్క్ వెలిగించండి. పత్తిలో దూరిన రవ్వ మంట కనబడకుండా లోలోపలే గంటల తరబడి కాలుతుంది. పని ముగిశాక కనీసం అరగంట అక్కడే ఉండి చూడండి. డీజిల్, పెట్రోలు నిల్వ చేసిన డ్రమ్ము ఖాళీగా కనిపించినా వెల్డింగ్ చేయవద్దు, ఎంత డబ్బిచ్చినా సరే.

1. కరెంటు చాలుతోందా?

సాకెట్ దగ్గర వోల్టేజి కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు 230 దగ్గర ఉండాలి. తర్వాత మరొకరిని రాడ్‌తో ఆర్క్ వెలిగించమని, అదే సమయంలో మళ్లీ కొలవండి. ఈ రెండో అంకే ముఖ్యం. ఆర్క్ వెలగగానే 190కి జారిపోతుంటే ఏ నాబ్ తిప్పినా ప్రయోజనం ఉండదు. ఊళ్లలో బోరు మోటార్లు నడిచే వేళల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పొద్దున సరిగ్గా కుదిరిన సెట్టింగు సాయంత్రానికి పాడైందంటే ముందుగా మీటరు తీయండి.

ఎక్స్‌టెన్షన్ కేబుల్ మరో దొంగ. ఇంట్లో వాడే సన్న వైరుతో ఈ మెషీను నడపకూడదు. పదిహేను మీటర్ల లోపు దూరానికి కనీసం 2.5 చదరపు మి.మీ. రాగి కేబుల్, ముప్పై మీటర్ల దాకా కనీసం 4 చదరపు మి.మీ. వాడండి. కేబుల్‌ను చుట్టగా ఉంచి నడపవద్దు, వేడెక్కి కరుగుతుంది. మొత్తం విప్పి పరవండి. పొలం దగ్గర జనరేటరు మీద నడిపితే, ప్లేటు మీద మెషీనుకు రాసిన కేవీఏ కంటే ఒకటిన్నర రెట్లు పెద్ద జనరేటరు తీసుకోండి. ముందు జనరేటరు నిలకడగా తిరగనిచ్చి, ఆ తర్వాతే మెషీను ఆన్ చేయండి. గోడ సాకెట్‌లో మూడో పిన్‌కు నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. చెమట పట్టిన చేతులతో చేసే పని ఇది.

2. రేటింగ్ ప్లేటు చదవండి

మెషీను పేరులో 250 అని ఉన్నంత మాత్రాన 250 ఆంపియర్లు రావాలని లేదు. వెనుక ప్లేటు మీద 'ఎక్స్' ఎదురుగా శాతాలు, 'ఐ2' ఎదురుగా ఆంపియర్లు ఉంటాయి. 60 శాతం దగ్గర 200 ఆంపియర్లు అని ఉంటే, ప్రతి పది నిమిషాల్లో ఆరు నిమిషాలు 200 మీద వెల్డింగ్ చేయవచ్చు, నాలుగు నిమిషాలు ఆపాలి అని అర్థం. 100 శాతం ఎదురుగా ఉన్న అంకె దగ్గర ఆపకుండా చేసుకోవచ్చు.

సాధారణంగా ఈ లెక్క 40 డిగ్రీల వాతావరణానికి వేస్తారు. మే నెలలో మన దగ్గర నీడలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది, రేకుల షెడ్డు కింద ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి ఎండాకాలంలో ప్లేటు చెప్పిన సమయం కంటే తక్కువే నడపండి. పసుపు దీపం వెలిగి వెల్డింగ్ ఆగిపోతే స్విచ్ ఆపవద్దు. ఫ్యాన్ తిరుగుతూ ఉంటేనే లోపల చల్లబడుతుంది.

3. ప్లస్, మైనస్ సరిచూడండి

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. మెషీను ముందు భాగంలో కింద రెండు సాకెట్లుంటాయి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. వాటి దగ్గరే మిగ్ గన్‌కు కరెంటు అందించే పొట్టి కేబుల్ ఒకటి వేలాడుతుంటుంది. ఆ పొట్టి కేబుల్‌ను దేనిలో గుచ్చితే గన్ ఆ ధ్రువం అవుతుంది. ఏ పనికి ఏది ఎక్కడ ఉండాలంటే:

- గ్యాస్‌తో మిగ్, మామూలు వైరు: గన్ ప్లస్, ఎర్త్ మైనస్.
- గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ కోర్ వైరు (లోపల ఫ్లక్స్ పొడి నింపినది): గన్ మైనస్, ఎర్త్ ప్లస్.
- టిగ్: టార్చ్ మైనస్, ఎర్త్ ప్లస్.
- 7018 రాడ్ (7018, 6013 అనేవి రాడ్ రకాన్ని చెప్పే నంబర్లు): హోల్డర్ ప్లస్, ఎర్త్ మైనస్.
- 6013 రాడ్: రెండు విధాలా పనిచేస్తుంది. సన్న పైపుకు హోల్డర్ మైనస్‌లో పెడితే లోతు తక్కువై చిల్లులు పడవు. మందపు ముక్కకు ప్లస్ మంచిది.

ఎక్కువమంది పడే తప్పు ఒకటుంది. గ్యాస్ మిగ్ మీద ఉన్న మెషీనులో ఫ్లక్స్ కోర్ చుట్ట ఎక్కించి, పొట్టి కేబుల్ మార్చడం మరచిపోతారు. రవ్వలు విపరీతంగా ఎగురుతాయి, అతుకు గరుకుగా వస్తుంది. వైరు నాసిరకమని దుకాణానికి తిరిగి తీసుకెళతారు. వైరు బాగానే ఉంటుంది, కేబుల్ ఒక్కటే తప్పు చోట ఉంటుంది. ఎదురు తప్పు కూడా అంతే మామూలు. మామూలు వైరుకు గన్ మైనస్‌లో ఉంటే అతుకు ఇనుములో కలవకుండా తాడులా పైనే కూర్చుంటుంది.

రాడ్ వెల్డింగ్‌కు మారినప్పుడు ఆ పొట్టి కేబుల్‌ను రెండు సాకెట్ల నుంచీ పీకి పక్కన పెట్టండి. చాలా మెషీన్లలో అది ప్లస్‌లోనే ఉండిపోతే, మీరు రాడ్‌తో పని చేస్తున్నంతసేపూ మిగ్ గన్ కొసన ఉన్న వైరులోనూ కరెంటు ఉంటుంది. గన్ వెళ్లి ఇనుప బల్ల మీద పడితే అక్కడ మరో ఆర్క్ లేస్తుంది.

ప్లగ్ గుచ్చాక కుడివైపుకు గట్టిగా తిప్పి బిగించండి. వదులుగా ఉంటే సాకెట్ కరుగుతుంది.

4. ఎర్త్ క్లాంపు

రంగు, తుప్పు గ్రైండ్ చేసి, మెరిసే ఇనుము మీదే క్లాంపు వేయండి. అతికే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి. ట్రాక్టరు లేదా ట్రాలీ మీద పని అయితే ముందుగా బ్యాటరీ తీగలు విప్పండి. కరెంటు బేరింగు గుండా పోయేలా క్లాంపు వేయకండి. ఉదాహరణకు చక్రానికి క్లాంపు వేసి చాసిస్ మీద వెల్డింగ్ చేస్తే కరెంటు బేరింగు లోపలి గుళ్ల మీదుగా పోయి వాటిని గుంటలు పెడుతుంది. బేరింగు నెల తర్వాత పోతుంది, కారణం ఎవరికీ తట్టదు.

5. ప్రాసెస్ బటన్, 2టీ, 4టీ

ఇక బటన్లున్న ముందు పలక దగ్గరికి వద్దాం. మొదటి బటన్‌తో మిగ్, ఎంఎంఏ, టిగ్‌లలో ఒకటి ఎంచుకోవాలి. ఎంఎంఏ అంటే మామూలు రాడ్ వెల్డింగే. ఏది ఎంచుకున్నా మూడో మెట్టులోని కేబుల్ మార్పు మీరే చేయాలి, మెషీను చేయదు.

2టీలో గన్ ట్రిగ్గరు నొక్కినంతసేపే ఆర్క్ ఉంటుంది. 4టీలో ఒకసారి నొక్కి వదిలితే మొదలవుతుంది, మళ్లీ నొక్కి వదిలితే ఆగుతుంది. ట్యాకులకూ (ముక్కలు కదలకుండా వేసే చుక్క అతుకులు) చిన్న అతుకులకూ 2టీ. పొడవాటి అతుకులకు వేలు నొప్పి పుట్టకుండా 4టీ. మిగ్ నేర్చుకుంటున్న వాళ్లు 2టీలోనే ఉండాలి, చేయి జారితే వెంటనే ఆగుతుంది.

6. మిగ్ వైరు దారి

వైరును ముందుకు తోసే రోలరు గాడి పక్కన 0.8, 1.0 అని అంకె చెక్కి ఉంటుంది. మీ వైరు సైజు గాడే వైరు కింద ఉండాలి. మామూలు వైరుకు వీ ఆకారపు నున్నటి గాడి, ఫ్లక్స్ కోర్‌కు పళ్లున్న గాడి, అల్యూమినియం వైరుకు యూ ఆకారపు గాడి వాడాలి. టిప్ మీద అంకె కూడా వైరు అంకెకు సరిపోవాలి.

బిగుతు పరీక్ష ఇలా చేయండి. పొట్టి కేబుల్ పీకేసి, గన్‌ను చెక్క ముక్కకు రెండంగుళాల దూరంలో ఏటవాలుగా పట్టుకుని ట్రిగ్గరు నొక్కండి. వైరు చెక్కకు తగిలి చుట్టలుగా వంగుతూ రావాలి. తగలగానే రోలరు జారితే కొద్దిగా బిగించండి. మరీ బిగిస్తే వైరు నలిగి, టిప్ మూసుకుపోయినప్పుడు రోలరు దగ్గర పిచ్చుకగూడులా చిక్కుపడుతుంది. ఫ్లక్స్ కోర్ వైరు లోపల బోలుగా ఉంటుంది కాబట్టి దానికి బిగుతు ఇంకా తగ్గించాలి.

7. గ్యాస్

మిగ్‌కు ఇనుము మీద కార్బన్ డయాక్సైడ్, లేదా 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్ వాడతారు. రెండోది ఖరీదు ఎక్కువైనా రవ్వలు బాగా తగ్గుతాయి. ఇంటి గేట్ల పని చేసేవాళ్లకు గ్రైండింగ్ కూలి మిగులుతుంది, లెక్క వేసి చూసుకోండి. నాలుగు గోడల మధ్య నిమిషానికి 10 నుంచి 12 లీటర్లు చాలు. కొంచెం గాలి ఉంటే 15. చిల్లుల అతుకు వస్తోందని 25కి పెంచితే గ్యాస్ సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది, చిల్లులు ఇంకా పెరుగుతాయి. ఆరుబయట, పొలం గట్టున పని అయితే గ్యాస్ మిగ్ మానేసి ఫ్లక్స్ కోర్ గానీ రాడ్ గానీ వాడండి.

సిలిండరు ఎప్పుడూ నిలువుగా, గొలుసుతో కట్టి ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటరు మీద మంచు పేరుకుంటే గ్యాస్ సరిగా రాదు. హీటరున్న రెగ్యులేటరు దొరుకుతుంది, పొడవాటి పని చేసేవాళ్లు అదే కొనాలి.

8. రాడ్ వెల్డింగ్ అంకెలు

ఇందులో ముఖ్యమైనది ఒక్క ఆంపియర్ల నాబే. 6013 రాడ్‌కు ఇక్కడ మొదలుపెట్టండి:

- 12 నంబరు రాడ్, అంటే 2.5 మి.మీ.: 60 నుంచి 90.
- 10 నంబరు, 3.15 మి.మీ.: 90 నుంచి 130.
- 8 నంబరు, 4 మి.మీ.: 140 నుంచి 180.

16 గేజి పైపు మీద 12 నంబరు రాడ్ అయితే 55, 60 దగ్గర మొదలుపెట్టండి. రాడ్ అంటుకుంటుంటే అయిదేసి పెంచండి. చివరి సగంలో రాడ్ ఎర్రగా మారుతుంటే ఎక్కువైనట్టు.

'హాట్ స్టార్ట్' ఆర్క్ వెలిగే క్షణంలో కాస్త అదనపు కరెంటు ఇస్తుంది. మందపు ముక్కకు, తేమ తగిలిన రాడ్‌కు ఉపయోగం. సన్న పైపుకు సున్నాకు దించండి, లేకుంటే మొదలుపెట్టిన చోటే చిల్లు పడుతుంది. 'ఆర్క్ ఫోర్స్' రాడ్ ఇనుముకు మరీ దగ్గరైనప్పుడు కరెంటు పెంచి, అంటుకోకుండా కాపాడుతుంది. 6013కు తక్కువ నుంచి మధ్యస్థం, 7018కు మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ. 'వీఆర్‌డీ' ఉంటే ఆన్‌లో ఉంచండి. ఆర్క్ లేనప్పుడు హోల్డరులో వోల్టేజి తగ్గించే రక్షణ అది. వానాకాలంలో తడి నేల మీద పని చేసేవాళ్లకు తప్పనిసరి.

7018 రాడ్ డబ్బా విప్పి వారం రోజులు బల్ల మీద వదిలేసి, తర్వాత అతుకులో చిల్లులు వస్తున్నాయని మెషీనును అనుమానించకండి. ఆ రాడ్ తేమ పీల్చుకుంటుంది. దానికి ఓవెన్‌లో ఆరబెట్టడం అవసరం, ఎండలో పెడితే సరిపోదు.

9. మిగ్‌లో రెండు నాబ్‌లు

మిగ్‌లో ఒక నాబ్ వైరు వేగానిది, ఒకటి వోల్టేజిది. వైరు వేగం పెంచితే ఆంపియర్లు పెరుగుతాయి. కొన్ని మెషీన్ల మీద ఆ నాబ్ పక్కన ఆంపియర్లనీ, కొన్నింటి మీద నిమిషానికి మీటర్లనీ రాసి ఉంటుంది. రెండూ ఒకే పని. వోల్టేజి ఆర్క్ పొడవును, అతుకు వెడల్పును నిర్ణయిస్తుంది.

0.8 మి.మీ. వైరు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అయితే ఇవి మొదలుపెట్టే అంకెలు:

- 16 గేజి పైపు: 70 ఆంపియర్లు, 17.5 వోల్టులు, వైరు నిమిషానికి 4 మీటర్ల దగ్గర.
- 3 మి.మీ.: 120 ఆంపియర్లు, 20 వోల్టులు, 7 మీటర్ల దగ్గర.
- 6 మి.మీ.: 160 ఆంపియర్లు, 22 వోల్టులు, 10 మీటర్ల దగ్గర.

వేరే మందానికి గుర్తుంచుకునే సూత్రం ఇది: ఆంపియర్లను 20తో భాగించి 14 కలిపితే వోల్టేజి వస్తుంది. ఆర్గాన్ మిశ్రమం వాడితే అందులోంచి ఒకటి, రెండు వోల్టులు తగ్గించండి.

నాబ్ మీద 1 నుంచి 10 అంకెలు తప్ప ఇంకేమీ లేకపోతే వేగం మీరే కొలవండి. పొట్టి కేబుల్ పీకి, ఆరు సెకన్లు ట్రిగ్గరు నొక్కి, బయటికి వచ్చిన వైరు కొలిచి పదితో గుణించండి. 40 సెంటీమీటర్లు వస్తే నిమిషానికి 4 మీటర్లు. నాబ్ ప్రతి అంకె దగ్గర ఇలా ఒకసారి కొలిచి రాసుకుంటే, ఆ మెషీనుతో ఉన్నన్ని రోజులూ పనికొస్తుంది.

ఇప్పుడు తుక్కు ముక్క మీద: వోల్టేజి పై అంకె దగ్గర పెట్టి కదపకండి. వైరు వేగం చెప్పినదానికంటే కొంచెం తక్కువలో మొదలుపెట్టి, రెండంగుళాల అతుకు వేసి, వేగం కాస్త పెంచి, మళ్లీ వేయండి. ఒకసారికి ఒక్క నాబే తిప్పాలి. రెండూ తిప్పితే ఏది మేలు చేసిందో తెలియదు. చెవి పెట్టి వినండి.

వేగం తక్కువైతే వైరు కొసన పెద్ద బొట్టు కట్టి 'టప్' మని రాలుతుంది, కొన్నిసార్లు టిప్‌లోనే అతుక్కుపోతుంది. ఎక్కువైతే వైరు ఇనుమును పొడుస్తూ గన్‌ను వెనక్కి నెడుతుంది, కరగని వైరు తునకలు ఎగురుతాయి. రెంటి నడుమ ఒకచోట మిరపకాయ బజ్జీలు నూనెలో వేగుతున్నట్టు తెగని చరచర వస్తుంది. అక్కడ ఆగండి.

టిప్ నుంచి ఇనుము దాకా వైరు బయటికి కనబడే పొడవు గ్యాస్ మిగ్‌లో 10 నుంచి 12 మి.మీ., ఫ్లక్స్ కోర్‌లో 15 నుంచి 20 మి.మీ. ఉండాలి. ఈ దూరం పెరిగితే ఆంపియర్లు వాటంతటవే పడిపోతాయి. చేయి నిలకడగా లేని పనివాడికి సెట్టింగు నిమిషానికోలా కనిపించడానికి కారణం ఇదే. ఫ్లక్స్ కోర్ వైరుతో గన్‌ను ఎప్పుడూ మీ వైపుకు లాగుతూ వెళ్లాలి, ముందుకు నెడితే స్లాగ్ (అతుకు మీద కట్టే పెంకు) అతుకు లోపల చిక్కుకుంటుంది.

'సినర్జిక్' అని ఉన్న మెషీన్లలో వైరు సైజు, గ్యాస్ రకం, మందం చెబితే వోల్టేజిని మెషీనే చూసుకుంటుంది. కొత్తవాళ్లకు మంచి సదుపాయం. అయితే లోపల 0.8 వైరు ఉండి పలక మీద 1.0 అని ఉంటే, లేదా కార్బన్ డయాక్సైడ్ పెట్టి మిశ్రమం అని ఎంచుకుంటే, అది ఇచ్చే వోల్టేజి తప్పే అవుతుంది. ఆర్క్ పొడవు సరిచేసే ప్లస్, మైనస్ నాబ్‌ను సున్నా దగ్గర ఉంచి మొదలుపెట్టండి.

మిగతా నాబ్‌లు త్వరగా చెప్పేస్తాను. 'ఇండక్టెన్స్' పెంచితే ఆర్క్ మెత్తబడి, రవ్వలు తగ్గి, కరిగిన ఇనుము మడుగు పలచగా పారుతుంది. తగ్గిస్తే ఆర్క్ బిగువుగా ఉంటుంది. మధ్యలో పెట్టి మరచిపోండి. 'బర్న్ బ్యాక్' ట్రిగ్గరు వదిలాక వైరు ఎంత వెనక్కి కాలాలో చెబుతుంది. వైరు మడుగులో ఇరుక్కుంటే పెంచండి, టిప్‌కు అంటుకుంటే తగ్గించండి. 'పోస్ట్ గ్యాస్' అంటే ఆర్క్ ఆగాక గ్యాస్ వచ్చే సమయం, మిగ్‌కు ఒక సెకను దాకా చాలు.

10. టిగ్

టార్చ్ మైనస్‌లో, గ్యాస్ స్వచ్ఛమైన ఆర్గాన్, నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు. మిగ్ సిలిండరులోని కార్బన్ డయాక్సైడ్‌తో టిగ్ ప్రయత్నిస్తే టంగ్‌స్టన్ కడ్డీ క్షణాల్లో కాలి మొద్దుబారుతుంది. మిశ్రమం కూడా పనికిరాదు. మందంలో ప్రతి మిల్లీమీటరుకు 30 నుంచి 40 ఆంపియర్లు లెక్క వేసుకోండి. టంగ్‌స్టన్ మొన చెక్కేటప్పుడు గీతలు నిలువునా ఉండాలి, అడ్డంగా ఉంటే ఆర్క్ తిరుగుతూ ఉంటుంది. 'డౌన్ స్లోప్', అంటే చివర కరెంటు నెమ్మదిగా తగ్గే సమయం, రెండు, మూడు సెకన్లు ఉంటే చివర గుంట పగలదు. 'పోస్ట్ గ్యాస్' ప్రతి 10 ఆంపియర్లకు ఒక సెకను. ఆ సమయం ముగిసేదాకా టార్చ్‌ను అతుకు మీదే ఉంచండి.

మల్టీ ప్రాసెస్ మెషీన్లలో ఎక్కువ వాటిలో డీసీ టిగ్ మాత్రమే ఉంటుంది. స్టీలు రెయిలింగులు చక్కగా వస్తాయి. అల్యూమినియం టిగ్‌కు ఏసీ కావాలి. పలక మీద ఏసీ బటన్ లేకపోతే ఆ పని ఒప్పుకోకండి.

అతుకు పట్టిందా లేదా చూసే పద్ధతి

మిగ్ అతుకు కళ్లను మోసం చేస్తుంది. తక్కువ వేడితో మందపు ముక్క మీద వేసినా నున్నగా, అందంగా కనిపిస్తుంది, కింది ఇనుములో కలవకుండా పైన పేరుకుని ఉంటుంది. రాడ్‌తో ఇలాంటి తప్పు జరిగితే చాలాసార్లు చూడగానే అనుమానం వస్తుంది. మిగ్‌లో రాదు. అందుకే విరిచి చూడకుండా ఏ కొత్త సెట్టింగునూ నమ్మవద్దు.

రెండు ముక్కలను టీ ఆకారంలో నిలిపి ఒకవైపే అతకండి. వైసులో బిగించి, అతుకు ఉన్న వైపుకు నిలువు ముక్క పడిపోయేలా పెద్ద సుత్తితో కొట్టండి. అతుకు వంగి, చిరిగి, రెండు ముక్కల నుంచీ ఇనుమును పీక్కుని వస్తే సెట్టింగు సరైనది. ఒక ముక్క మీద నుంచి నున్నగా ఊడి, గ్రైండరు గీతలు అలాగే కనిపిస్తుంటే అది అతకలేదు. వోల్టేజి, వేగం రెండూ సూత్రం ప్రకారం ఒక మెట్టు పెంచి మళ్లీ చేయండి. సన్న పైపు అయితే కోసి లోపలి వైపు చూడండి. లోపల వేడి తగిలిన సన్నటి చార కనిపించాలి, బొట్లు వేలాడకూడదు.

స్టెయిన్‌లెస్ స్టీలు టిగ్ అతుకు రంగు చూస్తే తెలుస్తుంది. గడ్డి రంగు, బంగారు రంగు బాగు. నీలం ఫరవాలేదు. బూడిద రంగు, నలుపు వస్తే వేడి ఎక్కువ లేదా గ్యాస్ తక్కువ.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. వడ్ల బస్తాలు ఎక్కించి రోడ్డు మీదికి వెళ్లే ట్రాలీ డ్రాబారు, కొక్కెం, ఇరుసు ఆధారాలు ఈ చిన్న మెషీను మిగ్‌తో, 0.8 వైరుతో అతకవద్దు. అంచు ఏటవాలుగా గ్రైండ్ చేసి, ఆరబెట్టిన 7018 రాడ్‌తో రెండు, మూడు వరుసలు వేయండి, వరుసకూ వరుసకూ మధ్య స్లాగ్ పూర్తిగా తీయండి. డ్రాబారు తెగితే వెనుక వచ్చే మోటారు సైకిలు వాళ్ల ప్రాణం పోతుంది. దమ్ము చక్రాల పట్టీలు, కల్టివేటరు ఫ్రేము లాంటివాటికి కూడా రాడ్‌నే ముందు ఎంచుకుంటాను. బురదలో రోజంతా కుదుపులు తినే చోట లోతైన అతుకే నిలుస్తుంది. రోటవేటరు బ్లేడ్లు గట్టిపరచిన ఉక్కు, వాటిని అతకకండి, కొత్తవి వేయించండి.

ఏదైనా తేడా వస్తే, ఈ వరుసలో చూడండి

అతుకులో చిల్లులు: గ్యాస్ తెరిచారా, నాజిల్‌లో రవ్వలు పేరుకున్నాయా, ఫ్యాన్ గాలి తగులుతోందా, ఇనుము మీద రంగు, నూనె ఉన్నాయా చూడండి. జీఐ పైపు అయితే జింకు పూత గ్రైండ్ చేసి తీసేయండి, పొగకు ఎదురుగా నిలబడకండి. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందనే మాట నమ్మకండి, గాలి ఆడేలా చూసుకోవడం, తగిన మాస్కు పెట్టుకోవడం ఒక్కటే దారి.

వైరు ఆగి ఆగి వస్తే: టిప్ మార్చండి. ఇంకా ఆగితే గన్ కేబుల్‌ను తిన్నగా చాపి చూడండి. అప్పటికీ మారకపోతే లోపలి లైనరును (వైరు జారే గొట్టం) గాలితో ఊదండి. ఇవన్నీ అయ్యాకే రోలరు బిగుతు ముట్టుకోండి. చాలామంది మొదట రోలరే బిగిస్తారు, అక్కడితో చిక్కు మొదలవుతుంది.

ఆర్క్ అసలు వెలగకపోతే: ఎర్త్ క్లాంపు, పొట్టి కేబుల్, ప్రాసెస్ బటన్. ఈ మూడూ చూశాకే మెకానిక్‌ను పిలవండి.

మెషీను తరచూ వేడెక్కి ఆగిపోతుంటే: లోపల దుమ్ము. గ్రైండరు పక్కనే మెషీను పెట్టే షాపుల్లో ఇనుప రజను ఫ్యాన్ గుండా లోపలికి పోయి సర్క్యూట్ బోర్డు మీద పేరుకుంటుంది, ఏదో ఒక రోజు బోర్డు కాలిపోతుంది. మెషీనును గ్రైండింగ్ చోటికి దూరంగా, నేల నుంచి అడుగున్నర ఎత్తున పెట్టండి. నెలకోసారి ప్లగ్ పీకి, జాలీల గుండా తక్కువ ఒత్తిడి గాలితో ఊదండి. మూత మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉంటుంది.

కుదిరిన ప్రతి సెట్టింగునూ రాసి పెట్టుకోండి: మందం, వైరు లేదా రాడ్, గ్యాస్, వోల్టేజి, వేగం, గన్ ఏ ధ్రువంలో ఉంది, ఆ సమయంలో సాకెట్ దగ్గర ఎన్ని వోల్టులు. మెషీను గుర్తుంచుకునే ఎం1, ఎం2 బటన్లున్నా కాగితం మీద కూడా ఉండాలి, ఎందుకంటే కేబుల్ ఎక్కడ గుచ్చారో, కరెంటు ఎంత ఉందో ఆ బటన్లకు తెలియదు.